వంటింటిలోని వరాహము

అమరసింహుడు తన కోశములో వరాహమునకు చెప్పిన పండ్రెండు పేర్లలో నాకు మిక్కిలి ఇష్టమైనది 'భూదారము'. భూమిని చీల్చునది అని దాని అర్థము. పోత్రి, ఘోణి అనునవి ముట్టెను బట్టి వచ్చిన పేర్లు. దంష్ట్రి అనునది కోరను బట్టి, స్తబ్ధరోమము అనునది నిక్కియుండు వెంట్రుకను బట్టి వచ్చినవి. ఇవన్నియు దాని రూపమును చూచినవాడు పెట్టిన పేర్లు. భూదారమని పిలిచినవాడు మాత్రము దాని పనిని చూచినాడు. పంది దినమంతయు నేలను పెల్లగించుచునే యుండును. ముట్టె గడ్డపార యైనచో, ఆ గడ్డపారకు బలమిచ్చునవి మెడయు, ముందుకాళ్ళ జబ్బలును. కావున దాని దేహములో మిక్కిలి కష్టపడిన మాంసము జబ్బ మాంసము. కష్టపడినది గనుకనే అది త్వరగా ఉడకదు.

ఆ జబ్బను ఇంట వండు విధమును గూర్చి ఈ వ్యాసము. సాహిత్యపు పుటలో పంది కూర ప్రసక్తి ఏమిటని ముక్కు చిట్లించు పాఠకులు కొందరుందురు. వారి ఏవగింపుతో నాకు పేచీ లేదు. ముస్లిములకు అది మతనిషిద్ధము. హిందువులలో పెక్కు ఇండ్లకు అది కులాచార నిషిద్ధము. ఎవరి పళ్ళెము వారిది. అయితే మన సాహిత్యమును, మన చరిత్రయు ఈ జంతువును ఏనాడును వెలివేయలేదన్న సంగతి కూడ గుర్తుంచుకొనవలెను గదా! విష్ణువు ఆ రూపము దాల్చి భూమిని ఉద్ధరించినాడు. చాళుక్యులు దానిని లాంఛనముగా ధరించినారు, కాకతీయులును అంతే. బంగారు నాణెమునకే వరాహమని పేరు పడినది. నంది మల్లయ, ఘంట సింగన లిరువురును కలిసి వరాహపురాణమును తెనిగించినారు. దేవుడై వచ్చినప్పుడు మ్రొక్కినాము, నాణెమై వచ్చినప్పుడు మూట గట్టుకొన్నాము. కూరయై వచ్చినప్పుడే మనకు నోరు పెగలదు.

నోరు పెగలకపోవుట ఎట్లుండునో కామారెడ్డిలో మా తరగతి గదిలోనే చూచితిని. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యములోని తిన్నని కథ చెప్పుచుంటిని. వేటాడి తెచ్చిన మాంసమును తిన్నడు నిప్పుల మీద కాల్చి, రుచి చూచి, మంచి ముక్కలను ఏరి ఆకుదొన్నెలో పెట్టి స్వామికి తెచ్చినాడని చెప్పి, "ఏ మాంసము?" అని అడిగితిని. కథ అందరును ఎరిగినదే. అయినను ఒక్కరును పలుకలేదు. జింక అని ఒకడు మెల్లగా అన్నాడు. తరగతి ముగిసిన పిమ్మట ఎల్లారెడ్డి నుండి వచ్చు ఒక విద్యార్థిని వెనుకగా వచ్చి, "సార్, పంది గదా. మా అమ్మమ్మ గూడ గట్లనే కాలుస్తది" అని చెప్పి, ఎవరైన విన్నారేమోనని వెనుదిరిగి చూచినది. ఆమె ఎరుకల కుటుంబమునకు చెందిన బాలిక. ఎరుకు అను మాటకు కిరాతుడని అర్థము, తిన్నడును ఎరుకువాడే. ఎరుకలవారి పేరు ఎరుక చెప్పుట నుండి వచ్చినదని మరికొందరందురు. ఏ వ్యుత్పత్తి సరియైనదైనను, కావ్యనాయకుని వంట తన ఇంటి వంటయే యని నిండు తరగతిలో చెప్పుకొనలేని స్థితిలో ఆ బాలిక యున్నది. ఆ దినమున పాఠము సగమే చెప్పినట్లు నాకు తోచినది. మిగిలిన సగము ఆమె అమ్మమ్మ వద్ద ఉన్నదని గ్రహించి, ఒక ఆదివారమున లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి పోయితిని.

నేను పోవునప్పటికి పెరటిలో వరిగడ్డి మంట వేసి వెంట్రుకను కాల్చుచున్నారు. మంటలో చర్మము నల్లబడగానే కత్తితో గీరుట, నీళ్ళు చల్లుట, మరల కాల్చుట, మరల గీరుట. నాలుగైదు మారులకు నలుపు పోయి చర్మము లేత పసుపువన్నెకు తిరుగును. అప్పుడు పసుపు రాచి కడుగుదురు. ఈ పనిని చూచుచుండగా నాకు మానసోల్లాసము జ్ఞప్తికి వచ్చినది. కళ్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు, 1126 నుండి 1138 వరకు ఏలినవాడు, సంస్కృతమున కూర్చిన గ్రంథమది. అందులో అన్నభోగమను భాగమున రాజుగారి వంటశాలలో వరాహమును సిద్ధము చేయు విధము ఉన్నది. తెల్లని బట్ట కప్పి మరగిన నీరు పోసి వెంట్రుకను ఊడదీయుట ఒక పద్ధతి. గడ్డిమంటతో కాల్చుట మరొకటి. పిమ్మట ముక్కలు చేసి నిప్పులపై కాల్చుట, ఉప్పు చల్లుట, కొన్నిటిని తాటియాకులవలె పలుచగా చీల్చి పెరుగుతో సంస్కరించుట. ఆ కళ్యాణి నేడు కర్ణాటకములోని బీదరు జిల్లాలో బసవకల్యాణమను పేర నున్నది. మన నిజాంసాగరమునకు పడమటి దిక్కున, పెద్ద దూరము కాదు. ఆనాడు ఈ ప్రాంతమంతయు వారి ఏలుబడిలోనిదే. తొమ్మిది వందల సంవత్సరముల క్రిందట చక్రవర్తి స్వయముగా వ్రాయదగినదని తలచిన విద్య, ఎల్లారెడ్డి పెరటిలో అక్షరము రాని చేతులలో నిలిచియున్నది. నడుమ ఎవరు ఎవరికి నేర్పినారో చెప్పజాలము. రాజు వంటవానికి నేర్పినది అడవివాడే యని నా ఊహ.

ఆమెను నేను 'అవ్వా' అని పిలిచితిని. నా వెంట కాగితము, కలము ఉండుట చూచి ఆమె నవ్వి, "కూర గూడ రాసుకుంటవా సారూ" అన్నది. జబ్బ ఎందుకు ఆలస్యముగా ఉడుకునని అడుగగా ఆమె చెప్పిన మాట ఇది: "పొద్దుగాల్నుంచి నేల పెల్లగిచ్చుడే దాని పని. జబ్బ గట్టిగుంటది మరి. ఉరుకులాడితె ఉడ్కుతదా?" అమరకోశమునకు ఇంతకంటె మంచి వ్యాఖ్యను నేను చదువలేదు.

ముందుగా మాంసము తెచ్చు విషయము. మన పల్లెలలో పందిని కోసినప్పుడు పోగులు పెట్టుదురు. ప్రతి పోగులోను అన్ని భాగములును కొంచెము కొంచెము పడును. న్యాయమైన పద్ధతియే, కాని వంటకు చిక్కు. తొడ ముక్క ఉడికి పిప్పియగు వేళకు జబ్బ ముక్క ఇంకను రబ్బరువలె నుండును. కావున జబ్బ మాత్రమే కావలెనన్నచో ముందునాడే చెప్పిపెట్టుకొనవలెను. వెనుక తొడ చూచుటకు నిండుగా, ఎర్రగా ఉండును గాని అందులో కొవ్వు తక్కువ. సేపు ఉడికించినచో ఎండిపోవును. జబ్బలో కండ పొరల నడుమ కొవ్వు పొరలుండును. ఎంత సేపు ఉడికినను అది తన తడిని తాను కాపాడుకొనును. ఎముకతోను, తోలుతోను తీసికొనుట మేలు. ఇక్కడ ఒక చిన్న విశేషము. మేక మాంసము అంగడికి పోయినచో కలేజా, గుర్దా, భేజా, ఖీమా అని అన్నియు ఉర్దూ పేర్లు వినబడును. పంది మాంసము వద్ద నేను విన్నవి జబ్బ, తొడ, పక్కటెముక, కార్జము. అన్నియు తెనుగు మాటలే. కారణము స్పష్టమే. ఒక వ్యాపారము ఏ నోళ్ళలో పెరిగినదో ఆ నోళ్ళ మాటలే దానికి దక్కును. మాండలిక పదములు సేకరించువారు ఈ అంగళ్ళ ముందు ఒక ఉదయము నిలువబడినచో వృథాపోదు.

ఇక వంట. కిలో జబ్బకు అవ్వ వాడిన సరంజామా చాల స్వల్పము. మూడు ఉల్లిగడ్డలు, అల్లము, ఎల్లిగడ్డ నూరిన ముద్ద రెండు చెంచాలు, పసుపు, ఉప్పు, మూడు చెంచాల కారము, వేయించి దంచిన ధనియాలు, కాల్చిన కుడుక ముక్క, చివర వేయుటకు రెండు కట్టల పుంటికూర. నూనె లేదు. నూనె ఏదని అడిగితిని. "దాని నూనె దానికే ఉన్నది" అన్నది. కొవ్వు ఎక్కువగా నున్న నాలుగు ముక్కలను ముందుగా మట్టికుండలో వేసి సన్నని సెగపై పెట్టినది. పావుగంటలో అవి కరిగి కుండ అడుగున తేటనెయ్యి నిలిచినది. ఉల్లిగడ్డ అందులోనే ఎర్రబడినది; తరువాత అల్లమెల్లిగడ్డ ముద్ద; పచ్చివాసన పోయిన పిమ్మట మాంసము. ముక్కలు పెద్దవి, నిమ్మకాయకు మించినవి. చిన్న ముక్క కోసినచో త్వరగా ఉడుకునని మనము తలతుము. కాని ఇంత సేపు ఉడుకవలసిన మాంసమును చిన్నగా కోసినచో చివరకు నారయే మిగులును. ముక్కల నీరు ముక్కలే వదలును. ఆ నీరు ఇంకిన పిమ్మటనే కారము, ఉప్పు, ముక్కలు మునుగునంత వేడినీరు. అటుపైన మూత, సన్నని సెగ, రెండున్నర గంటలు. సీమపంది యైనచో రెండు గంటలు చాలును.

ఈ రెండున్నర గంటలలో ఒక ఘట్టమున్నది. అది తెలియకనే చాలమంది చేతులెత్తివేయుదురు. ముప్పావుగంట గడచిన పిమ్మట ముక్కను తీసి నొక్కి చూచినచో మొదటికంటె గట్టిగా నుండును. మాంసము చెడిపోయినదనియో, ముసలి పంది యనియో తలచి దించివేయుదురు. అవ్వ ఈ సంగతిని ఇట్లు చెప్పినది: "నడుమ ఒకపారి గట్టివడ్తది. భయపడి దించొద్దు. అలుగుడు అలిగి మల్ల అదే కలుస్తది." ఆమె అలుక అన్నదానికి నేటి ఆహారశాస్త్రము చెప్పు కారణము సులభమే. వేడి 65, 70 డిగ్రీలకు చేరునప్పటికి కండలోని పోగులు బిగుసుకొని తమ నీటిని వెలిగ్రక్కును, మాంసము గట్టిపడును. కాని కండను కట్టియుంచు కొల్లాజెన్ అను నారపదార్థము అప్పటికింకను చెక్కుచెదరదు. 80 డిగ్రీలు దాటిన పిమ్మట, చాలినంత సమయమిచ్చినచో, అది మెల్లమెల్లగా కరిగి జిలాటిన్ అను మెత్తని బంకగా మారును. ఆ బంకయే కూరకు చిక్కదనమును, నాలుకకు జిగియును ఇచ్చునది. ఎక్కువ కష్టపడిన కండలో కొల్లాజెన్ ఎక్కువ. అందుచేతనే జబ్బ ఆలస్యముగా లొంగును. లొంగిన పిమ్మట దానికి సాటి మరొక ముక్క లేదు. ఎముకను పట్టి లాగగా కండ దానంతట జారినచో కూర అయినట్లు. పుంటికూర అప్పుడే వేయవలెను, పది నిమిషములు చాలును. ముందే వేసినచో పులుపు మరిగి మరిగి చేదెక్కునని అవ్వ మాట.

కొవ్వుకు పులుపు తోడు చేయుట మన ఒక్కరి తెలివి కాదు. కొడగువారి పంది కూరలో కాచంపులి అను నల్లని పులుసు వేయుదురు; గోవాలో వినిగరు. వరాహమాంసము స్నిగ్ధము, గురువు, బలకరము, వాతహరము, శ్రమను పోగొట్టునది అని చరకసంహిత చెప్పినది. గురువు అన్న మాటను మరువరాదు: రెండు ముక్కలు ఎక్కువ తిన్నవారికి ఆ మాట అర్థమగును. చీనాలో సుంగ్ వంశపు కాలమున సూ షి అను మహాకవి, తుంగ్‌పో అని ప్రసిద్ధుడు, హువాంగ్‌చౌకు ప్రవాసమునకు పంపబడి అచ్చట పంది మాంసమును సన్నని సెగపై వండుటను గూర్చి ఒక రచనయే చేసినాడు. ఆయన పేర ఒక వంటకము నేటికిని ఆ దేశమున నిలిచియున్నది. మన కవులలో భోజనప్రియులకు కొదువ లేదు గాని పొయ్యి ముందు కూర్చున్నవారు అరుదు.

ఇక భయమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. పంది మాంసము తిన్నచో పురుగు మెదడునకు ఎక్కునని మన ప్రాంతమున అందరు నందురు. ఇందులో సగమే నిజము. సరిగా ఉడకని రోగపు మాంసము, అనగా బియ్యపు గింజలవంటి తెల్లని తిత్తులున్నది, తిన్నవాని ప్రేగులలో బద్దెపురుగు పెరుగును. మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు తెచ్చు వ్యాధి మాత్రము ఆ పురుగు గ్రుడ్ల వలన వచ్చును. గ్రుడ్లు వెలువడునది బద్దెపురుగున్న మనిషి మలము నుండి. అవి చేతుల ద్వారా, నీటి ద్వారా, కడుగని ఆకుకూరల ద్వారా ఎవరి కడుపులోనికైనను చేరవచ్చును. కావున జన్మలో మాంసము ముట్టనివారికిని ఈ వ్యాధి వచ్చుట కలదు. పందికి ఆ రోగము అంటించునది కూడ ఆరుబయట విడిచిన మనుష్యుని మలమే. ఈ రోగము పాతుకొనియున్న పెక్కు ప్రాంతములలో మూర్ఛరోగులలో సుమారు 30 శాతమునకు ఇదియే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పందిని కట్టివేసి పెంచుట, మరుగుదొడ్లు, చేతులు కడుగుట, ఇవి మందులు. వంటింటి మట్టుకు, తెల్లని తిత్తులున్న మాంసమును కొనరాదు. పచ్చి మాంసము కోసిన కత్తిని, పీటను కడుగక మరొకదానికి వాడరాదు. ఇక ఉడుకు మాట. పంది మాంసపు ముక్క లోపలి వేడి 63 డిగ్రీలకు చేరి మూడు నిమిషములు నిలిచినచో చాలునని అమెరికావారి ప్రమాణము. మన జబ్బ మెత్తబడునప్పటికి 90 డిగ్రీల వేడిలో గంటలకొలది ఉండును. అనగా రుచికొరకు పట్టిన ఓపికయే ఆరోగ్యమునకును చాలును. ఉరుకులాటతో వండిన ముక్కయే రెంటికిని చేటు.

అడవిపంది వేరు. ఎల్లారెడ్డి చుట్టుపట్ల మక్కచేలను, చెరకుతోటలను అవి పాడుచేయుట రైతులకు నిత్యబాధ. అయినను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అనుమతి లేక వేటాడుట నేరము. తిన్నని కాలము గడచిపోయినది. నేను వ్రాయునది పెంపుడు పందిని గూర్చియే.

ఆ పెంపుడు పందియు తగ్గిపోవుచున్నది. 2012 పశుగణనకును, 2019 పశుగణనకును నడుమ మన దేశమున పందుల సంఖ్య సుమారు 12 శాతము తగ్గి 90 లక్షల చిల్లరకు దిగినది. 2020లో ఆఫ్రికా పందిజ్వరము అస్సాములో ప్రవేశించినది. దానికి మనుష్యులు లోబడరు గాని మందలు మాయమగును. పట్టణములు పెరిగినకొలది వీధులలో పందులు తిరుగరాదనుట న్యాయమే. కామారెడ్డి 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైనది. జిల్లా కేంద్రమునకు తగిన శుభ్రత కోరుటలో తప్పు లేదు. కాని పందిని ఊరి నుండి పంపివేయుమని చెప్పువారు దానిని పెంచు కుటుంబమునకు దొడ్డి కట్టుకొను చోటు ఎక్కడో చెప్పుట లేదు. ఎరుకలవారికి ఈ దేశమున చోటు చూపినప్పుడు ఎట్లు చూపినారో మనకు తెలియును. ఆంగ్లేయుల నేరస్థజాతుల చట్టము ఒక జాతికి జాతినే దొంగలని ముద్ర వేసి, స్టూవర్టుపురమువంటి సెటిల్‌మెంట్లలో నిలిపినది. ఆ చట్టము 1952లో పోయినది. ముద్ర అంత త్వరగా పోవునా?

నా విద్యార్థిని వెనుదిరిగి చూచిన చూపులో నాకు కనబడినది ఆ ముద్రయే. ఆమె తల్లిదండ్రులు కామారెడ్డిలో అద్దెయింట నుందురు. పంది కూర వండరాదని ఇంటివారు నోటితో చెప్పలేదట. చెప్పనవసరము లేదని ఇరువురికిని తెలియును. ఎప్పుడైన వండవలసివచ్చినచో కిటికీలు మూసి, ప్రెషరు కుక్కరులో ఉడికింతురు. పని జరుగదని కాదు. మూత బిగించిన కుక్కరులో వేడి 120 డిగ్రీల దాక చేరును గనుక రెండున్నర గంటల పని ముప్పావుగంటలో ముగియును. జబ్బ మెత్తబడును. కాని నీరు ఇంకదు, కొవ్వు ఉల్లిగడ్డలో కలిసి చిక్కబడదు. ఆ చిక్కదనము కావలెనన్నచో మూత తీసిన పిమ్మట సన్నసెగపై మరి అరగంట ఉంచవలెను. ఆ అరగంటయే వారికి లేనిది, ఏలయన మూత తీసినచో వాసన వీధికెక్కును. "కుక్కర్ల కూర మంచిగనే ఉంటది సార్, కాని అమ్మమ్మ కూర కాదు" అని ఆ బాలిక అన్నది. లోపమెక్కడున్నదో తెలిసికూడ మూత తీయలేని వంట అది.

నేనిప్పుడు తిన్నని కథ చెప్పునప్పుడు ప్రశ్న మార్చితిని. ఏ మాంసమని అడుగను. పంది యని నేనే చెప్పి, దానిని ఎట్లు కాల్చవలెనో మీలో ఎవరికి తెలియునని అడుగుచున్నాను. మొదటి సంవత్సరము ఒకరు చేయెత్తినారు. ఈ ఏడు ముగ్గురు. అందులో ఒక కుర్రవాడు వరిగడ్డి కంటె చెరకు ఆకు మంట మేలని వాదించినాడు, గీరుడు సులువట.

కూరను ఆ పూటయే ముగింపరాదని అవ్వ చెప్పిన మాటయును ఇచ్చట వ్రాయవలెను. చలికాలమున రాత్రి కుండను అట్లే వదలినచో తెల్లవారునప్పటికి పైన కొవ్వు తెల్లగా పేరుకొని, క్రింద పులుసు గడ్డపెరుగువలె తోడుకొనియుండును. కరిగిన కొల్లాజెన్ చల్లబడి చేసిన పని అది. సగము కొవ్వును గంటెతో తీసి వేరుగా దాచుకొని, కుండను మరల సన్నని సెగపై పెట్టి, కదపక, అంచుల వెంట బుడగలు వచ్చువరకు మాత్రమే వేడిచేయవలెను. దానికి అన్నము పనికిరాదు. జొన్నరొట్టె కావలెను, అదియు పెనము మీది నుండి అప్పుడే దించినది.